చూడని ప్లగ్గు

రోటరీ ఇంజన్ కారును చలిలో స్టార్ట్ చేసి, అది వేడెక్కకముందే ఆపేయకూడదు. మాజ్దా ఆర్‌ఎక్స్-8 నాకు అమ్మినాయన తాళాలు చేతిలో పెడుతూ మరీ మరీ చెప్పిన మాట ఇదొక్కటే. సరేనన్నాను. కొన్నాళ్లకు మరిచిపోయాను. ఆ మరుపు వల్ల జరిగిన నష్టం ఒక పూట పనితో తీరిపోయేది. ఆ తర్వాత ఫోన్లో మా చిన్నాయనతో ఆడిన అబద్ధం దాన్ని వారాల తరబడి లాగింది. నేను రాయాలనుకున్నది ఆ అబద్ధం గురించే. అది అర్థం కావాలంటే మాత్రం ఇంజన్ గురించి కొంత చెప్పక తప్పదు.

మాది కడప జిల్లా ఖాజీపేట. కడప నుంచి మైదుకూరు పోయే దారిలో, కేసీ కాలువ నీళ్లు పారే పల్లెల నడుమ ఉంటుంది. మా చిన్నాయనకు మెయిన్ రోడ్డు మీద స్కూటర్లు, మోటారు సైకిళ్లు రిపేరు చేసే షెడ్డు ఉంది. నేను బడికి పోయే రోజుల్లో దుంపలగట్టు నుంచి, పుల్లూరు నుంచి, చుట్టుపక్కల పల్లెలన్నిటి నుంచి బజాజ్ చేతక్‌లు, టీవీఎస్ మోపెడ్లు, రాజ్‌దూత్‌లు అక్కడికే వచ్చేవి. ఎండాకాలం సెలవుల్లో నా పని కిరసనాయిల్లో సామాన్లు కడగడం, అడిగిన పానా అందించడం.

బండి స్టార్ట్ కావడం లేదని ఎవరొచ్చినా చిన్నాయన కిక్కు కొట్టేవాడు కాదు. ముందు ప్లగ్గు విప్పేవాడు. విప్పినదాన్ని తుడవకుండా వెలుతురుకు పట్టి చూసేవాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు, బొటనవేలి గోటితో కొన మీద ఒకసారి గీకేవాడు. పింగాణీ ఇటుక రంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. తెల్లగా పాలిపోయి ఉంటే వేడి ఎక్కువైనట్టు. పొడిగా ఉండి వాసన లేకపోతే పెట్రోలు అందడం లేదు. నల్లగా, తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది, లేదా కరెంటు రావడం లేదు. తడిసిన చేతక్‌కు ఆయన చేసే వైద్యం ఎప్పుడూ ఒకటే. పెట్రోలు కాక్ కట్టేయడం, ప్లగ్గు తీసి పక్కన పెట్టడం, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని లోపలి పెట్రోలంతా బయటికి వచ్చేదాకా కిక్కు కొట్టడం. ఈలోపు ప్లగ్గును ఉప్పుకాగితంతో రుద్ది ఆరబెట్టే పని నాది. బండి ఓనరు కొత్త కాయిల్ వేయమని తొందరపెట్టినా, చూడకుండా ఏదీ మార్చేవాడు కాదు. ఇవన్నీ నా కళ్ల ముందు జరిగినవే. వేరే ఎవరైనా ఈ తప్పు చేస్తే తెలియక చేశారనుకోవచ్చు. నాకు తెలుసు.

చదువుకోసం మిషిగన్ వచ్చి, ఉద్యోగంలో కుదురుకున్నాక, డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉంటూ పాత ఆర్‌ఎక్స్-8 ఒకటి కొన్నాను. 1991లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచిన మాజ్దా 787బి కూత విన్నప్పటి నుంచి ఆ ఇంజన్ మీద నాకు పిచ్చి. ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన నుంచి పుట్టి, 1957లో జర్మనీలోని ఎన్‌ఎస్‌యూ కంపెనీలో మొదటిసారి తిరిగిన ఇంజన్ అది. హిరోషిమాలో మాజ్దా ఇంజనీరు కెనిచి యమమొతో, ఆయన కింద పనిచేసిన కుర్ర ఇంజనీర్లు సంవత్సరాలు తలలు పగలగొట్టుకుని దాన్ని 1967లో కాస్మో స్పోర్ట్ కారులో రోడ్డెక్కించారు. వాళ్లను ఎక్కువ ఏడిపించింది సీళ్లే. నన్ను ఏడిపించిందీ చివరికి అవే.

అందులో పిస్టన్ ఉండదు. నడుము దగ్గర కొంచెం నొక్కుకుపోయిన కోడిగుడ్డు ఆకారంలో ఒక గది, ఆ గదిలో గోడను ఒరుసుకుంటూ తిరిగే మూడు మూలల రోటర్. మూడు మూలలకూ సన్నని సీళ్లు. సీలుకూ గోడకూ మధ్య పల్చని నూనె పొర ఉంటేనే కంప్రెషన్ నిలబడుతుంది. అందుకే ఇంజన్ తనంతట తానే ఆ గదిలోకి కాస్త కాస్త ఆయిలు వదులుకుంటుంది. మంట అంటుకునే చోటు పొడుగ్గా, సన్నగా ఉండి రోటర్‌తో పాటే జరిగిపోతుంటుంది కాబట్టి ఒక ప్లగ్గు చాలదు. రోటర్‌కు రెండు ప్లగ్గులు. కిందిది లీడింగ్, పైది ట్రెయిలింగ్. ఆర్‌ఎక్స్-8లో రోటర్లు రెండు, ప్లగ్గులు నాలుగు, ఒక్కోదానికి ఒక్కో కాయిల్. మామూలు కారులో ప్లగ్గు షాఫ్టు రెండు చుట్లు తిరిగితే ఒకసారి మండిస్తుంది, ఇక్కడ ప్రతి చుట్టుకూ మండించాలి. లోపలికి వచ్చే చల్లని గాలి ప్లగ్గులున్న వైపు తగలదు కూడా. కాయిళ్లకూ ప్లగ్గులకూ విశ్రాంతి ఉండదు, తొందరగా అలిసిపోతాయి.

ఇక చలిలో ఏమవుతుందంటే, స్టార్ట్ కావడానికి కంప్యూటర్ పెట్రోలు దండిగా పోస్తుంది. వెంటనే ఆపేస్తే మండని పెట్రోలు గదిలోనే మిగిలిపోయి, గోడ మీది నూనె పొరను కడిగేస్తుంది. నూనె లేకపోతే సీళ్లు పట్టవు, సీళ్లు పట్టకపోతే కంప్రెషన్ రాదు, కంప్రెషన్ రాకపోతే మంట అంటుకోదు. సెల్ఫ్ కొట్టిన కొద్దీ ఇంకా పెట్రోలు పడుతుంది, ప్లగ్గులు తడుస్తాయి. బ్యాటరీ దిగినకొద్దీ తిరిగే వేగం తగ్గి కంప్రెషన్ మరీ పడిపోతుంది. స్కూటర్‌ను పదిసార్లు తన్నినా ప్లగ్గు తడవడం తప్ప పోయేదేమీ లేదు. రోటరీకి మాత్రం స్టార్ట్ కాకుండా కొట్టిన ప్రతి సెల్ఫూ జబ్బును ముదరబెడుతుంది.

ఒక జనవరి సాయంత్రం మంచు ఎత్తే బండి వస్తుందని, పార్కింగ్ ఖాళీ చేయమని అపార్ట్‌మెంట్ వాళ్లు చెప్పారు. కిందికి దిగి, కారు స్టార్ట్ చేసి, అవతలి వరసలో పెట్టి, ఆపేసి పైకి వచ్చేశాను. మరుసటి పొద్దున స్టార్ట్ కాలేదు. ఆఫీసుకు ఆలస్యమవుతోందన్న ఆదుర్దాలో బ్యాటరీ గొంతు మారేదాకా సెల్ఫ్ కొడుతూనే ఉన్నాను. సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన గుప్పుమంటోంది.

అప్పుడు చిన్నాయనకు ఫోన్ చేశాను. ఇక్కడ ఉదయం ఏడున్నర, అక్కడ సాయంత్రం ఆరు. షెడ్డు మూసే వేళ.

"ప్లగ్గు ఇప్పి సూసినావా?" అన్నాడు, నేను పూర్తిగా చెప్పకముందే.

"సూసినా చిన్నాయనా."

"తడిసిందా, ఎండిందా?"

"పొడిగానే ఉంది."

కాసేపు మాట్లాడలేదు. "పెట్రోలు వాసన వస్తాందంటివే. వాసన వస్తా, ప్లగ్గు పొడిగా ఉండేదెట్లరా?" అన్నాడు. నేను ఏదో సర్దిచెప్పాను. "సరే, నువ్వు సూసినావు గదా. అట్లైతే కరెంటు సూడు. కాయిలేమో" అన్నాడు.

నేను ప్లగ్గు చూడలేదు. ఆ కారులో ప్లగ్గులు ముందు ఎడమ చక్రం వెనకాల, కిందికి ఉంటాయి. జాకీ పెట్టి చక్రం విప్పితే గాని చెయ్యి సరిగ్గా ఆడదు. బయట సున్నా కంటే చాలా కింద చలి. కానీ అసలు కారణం చలి కాదు. కంప్యూటర్‌తో నడిచే జపాన్ కారుకు ఖాజీపేటలో చేతక్‌లు బాగుచేసేవాళ్ల పద్ధతి ఏం పనికొస్తుందిలే అని లోపల నాకొక భావం ఉండింది. ఆ మాట ఆయనతో అనలేను. అనలేక, ఆయన అడిగిన పని చేసేశానని చెప్పాను. అడిగింది సలహా, ఇచ్చింది తప్పుడు సమాచారం. ఆయన దగ్గర ఆ కారు లేదు, చూడడానికి నా కళ్లే ఆయన కళ్లు.

కాయిళ్లు, ప్లగ్గు వైర్లు తెప్పించాను. కాయిళ్లు పైనే ఉంటాయి, మార్చడం తేలిక. చీకటి పడుతుండగా, వేళ్లు కొంకర్లు పోతుండగా పాతవన్నీ ఒక్కసారే ఊడబీకి కొత్తవి బిగించాను. ఏ వైరు ఎక్కడిదో గుర్తు పెట్టుకోలేదు, ఫొటో తీసుకోలేదు. ముందు రోటర్ లీడింగ్ వైరు వెనక రోటర్‌కూ, దానిది దీనికీ వెళ్లాయి. రెండు రోటర్లకూ సగం చుట్టు తేడా ఉంటుంది కాబట్టి మంట రావలసిన చోట రాకుండా వేరే చోట వచ్చింది. సెల్ఫ్ కొడితే సైలెన్సర్‌లో ఢామ్మని పేలింది. పక్క ఫ్లాటులో వాళ్లు కిటికీ తీసి చూశారు. ఇప్పుడు కారుకు రెండు జబ్బులు. ఒకటి మంచు రోజుది, రెండోది నేను పెట్టింది. రెండో జబ్బు లక్షణాలను మొదటి జబ్బు ఖాతాలో రాసుకుంటూ, ఆ పొగమంచులో ఇంకా చాలా వెతికాను. షాఫ్టు సెన్సర్ మార్చాను. ఫ్యూజులు మార్చాను. ఏది మార్చినా వెంటనే సెల్ఫ్ కొట్టి చూడడమే, అంటే గదిలోకి ఇంకొంచెం పెట్రోలు.

చివరికి కారును లాగించి ఒక షెడ్డుకు పంపాను. వాళ్లు మామూలు పిస్టన్ ఇంజన్ గేజి పెట్టి చూసి, కంప్రెషన్ లేదు, ఇంజన్ పోయింది అన్నారు. కొత్త ఇంజన్ ఖర్చు కారు ధరను మించింది. రోటర్ మూడు ముఖాలకూ గోడకూ మధ్య ఏర్పడే మూడు గదుల్లో కంప్రెషన్ ఎక్కువ ఉన్నదాన్నే వాళ్ల గేజి చూపిస్తుంది, మిగతా రెండు ఎలా ఉన్నాయో చెప్పదు. నూనె కడుక్కుపోయిన ఇంజన్‌లో ఆ ఒక్కటీ తక్కువే కనిపిస్తుంది. ఇవి నాకు తర్వాత తెలిసిన సంగతులు. ఆ రోజు నమ్మేశాను. కారు ఇంటికి తెప్పించుకుని, తుక్కు కింద ఎవరు కొంటారా అని చూడడం మొదలుపెట్టాను.

ఆ ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తే పిన్నమ్మ ఎత్తింది. మాటల్లో ఆమె అన్నది, "మీ చిన్నాయన నీ కారు కోసం ప్రొద్దుటూరు పోయొచ్చినాడబ్బా" అని. పెళ్లిళ్ల సీజను, షెడ్డులో బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఆ రోజు అవన్నీ వదిలేసి, బస్సెక్కి ప్రొద్దుటూరు పోయి, తనకు తెలిసిన కార్ల ఎలక్ట్రీషియన్‌ను కలిసి, వాసన వస్తున్నా ప్లగ్గు పొడిగా ఎందుకుంటుందని అడిగొచ్చాడట. ఆయనకు తెలియక, ఇద్దరూ కలిసి ఇంకొకరిని అడిగారట. లేని విషయానికి కారణం వెతుకుతూ ఒక పెద్దమనిషి రోజంతా తిరిగాడు. వచ్చినాక రాత్రి అన్నం దగ్గర కూడా అదే మాట అట. "వాడు సూసినానంటాడు, వాడు తప్పు సూసే పిల్లోడు గాదు."

ఇది విన్నాక నేను చాలాసేపు ఫోన్ పట్టుకునే ఉండిపోయాను. కారు పోతే పోయింది, ఇంకొకటి కొంటాం. తన పనిలో తనకున్న నమ్మకాన్ని ఆయన నా మాట కోసం పక్కన పెట్టుకున్నాడు. నలభై ఏళ్లుగా ప్లగ్గులు చూస్తున్న మనిషి, తన ముక్కు చెప్పేదాన్ని కాదని నా నోటి మాట పట్టుకున్నాడు.

చిన్నాయన లైన్లోకి వచ్చాక చెప్పేశాను. ప్లగ్గు విప్పలేదని, అసలు చూడనే లేదని. తిడతాడనుకున్నాను. ఆయన గొంతులో కోపం లేదు. "అనుకుంటి. పొడిగుండే పనే లేదు" అన్నాడు. ఊపిరి పీల్చుకున్నట్టు వినిపించింది. తర్వాత, "ఇప్పుడన్నా ఇప్పు. నాకు వీడియోలో సూపియ్యి" అన్నాడు.

విప్పాను. లీడింగ్ ప్లగ్గు రంధ్రంలోంచి వస్తూనే కొన నుంచి పెట్రోలు బొట్టు జారింది. నల్లగా, మెరుస్తూ, పూర్తిగా తడిసి ఉంది. దాన్ని తుడవకుండా వెలుతురుకు పట్టి కెమెరా ముందు పెట్టాను. ఆయన ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకుని చూశాడు. నాలుగూ అలాగే ఉన్నాయి.

ఆ తర్వాత చేసిన పని చేతక్‌కు చేసేదే, కొన్ని జాగ్రత్తలు ఎక్కువ. పెట్రోలు పంపు ఫ్యూజు తీసేశాను. కాయిళ్ల కనెక్టర్లు ఊడదీశాను. ఈ రెండోది మరిచిపోతే ప్రాణాల మీదికి వస్తుంది. తెరిచి ఉన్న రంధ్రాల్లోంచి పెట్రోలు ఆవిరి బయటికి చిమ్ముతుంటే, పక్కనే స్పార్క్ వచ్చిందంటే కారు అంటుకుంటుంది. అంతకుముందు ఒక సాయంత్రం నేను ప్లగ్గు వైరు కొనను ఇంజన్‌కు దగ్గరగా పట్టి కరెంటు వస్తోందా అని చూశాను, చుట్టూ పెట్రోలు వాసన ఉండగానే. ఏమీ కాకపోవడం అదృష్టం. పైగా ఆ పరీక్ష రుజువు చేసేది కూడా తక్కువ. బయటి గాలిలో దూకిన స్పార్క్, లోపల ఒత్తిడిలో దూకాలని లేదు. అలిసిన కాయిల్ బయట నీలంగా మెరిసి లోపల చేతులెత్తేస్తుంది. ఎడం పెంచుకునే వీలున్న స్పార్క్ టెస్టర్‌తో చూడాలి.

బ్యాటరీ నిండా చార్జి చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఆగి ఆగి కొద్ది సెకన్లు సెల్ఫ్ కొట్టాను. రంధ్రాల్లోంచి తెల్లటి ఆవిరి చిమ్మింది, అడ్డం పెట్టిన గుడ్డ తడిసి ముద్దయింది. ఆవిరి తగ్గాక చిన్నాయన ఫోన్‌ను ఇంజన్ దగ్గర పెట్టమన్నాడు. రోటర్‌కు మూడు ముఖాలు కదా, ప్రతి ముఖానికీ ఒక ఊపిరి శబ్దం రావాలి, మూడూ సమానంగా ఉండాలి. ముందు రోటర్ బాగానే ఊపిరి తీసింది. వెనకదానిలో రెండు శబ్దాల తర్వాత మూడోది కాస్త నీరసంగా ఉంది. నేను గమనించకముందే ఆయన పట్టుకున్నాడు. రోటరీ ఇంజన్ ఆయన అంతవరకు చూసి ఎరగడు.

రంధ్రాల్లో కొద్దిగా ఇంజన్ ఆయిలు వేసి, చేత్తో కొంచెం తిప్పి, కొత్త ప్లగ్గులు బిగించాను. లీడింగ్‌కూ ట్రెయిలింగ్‌కూ ప్లగ్గులు వేరు, ఒకదాని చోట ఇంకోటి పెట్టకూడదు. వైర్లు ఒక్కొక్కటే చేత్తో తడుముకుంటూ కాయిల్ నుంచి ప్లగ్గు దాకా వెతికి పెట్టాను. ఫ్యూజు పెట్టి తాళం తిప్పితే మొదట తడబడి, ఒక రోటర్ మీద కాసేపు కుంటి, తర్వాత రెండూ అందుకున్నాయి. పార్కింగ్ అంతా పొగ. పోసిన ఆయిలు కాలుతున్న పొగ అది. పూర్తిగా వేడెక్కేదాకా ఆపలేదు. పెట్రోలు కలిసి ఉంటుందని మరునాడే ఇంజన్ ఆయిలు మార్చాను.

పాత కాయిళ్లను ఊరికే పారేయకుండా టెస్టర్ మీద పెట్టి చూస్తే రెండు నిజంగానే నీరసించి ఉన్నాయి. చిన్నాయన చెప్పిన కాయిల్ మాట పూర్తిగా తప్పేమీ కాదు. మొదటి రోజే తడిసిన ప్లగ్గు చూపించి ఉంటే ఆయన ఆరబెట్టమని చెప్పి, ఆ తర్వాత కాయిల్ దగ్గరికే వచ్చేవాడు. వరస తప్పించింది నేను. ఆ వరస తప్పడం వల్ల పోయింది కొంత ఉంది. మండని పెట్రోలు, పేలుళ్లు కలిసి సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేశాయి. అది మార్చడానికి అయిన ఖర్చు కాయిళ్లు, ప్లగ్గులు, వైర్లు అన్నిటికంటే ఎక్కువ.

రోటరీ ఇంజన్లకని ప్రత్యేకంగా చేసిన టెస్టర్ ఉన్నవాళ్ల దగ్గర తర్వాత కంప్రెషన్ చూపించాను. అది ఆరు గదులకూ విడివిడిగా లెక్క చెబుతుంది. నిమిషానికి 250 చుట్ల వేగంలో ప్రతి గదిలో కనీసం 680 కిలోపాస్కల్స్ ఉండాలని కంపెనీ లెక్క. ముందు రోటర్ హాయిగా దాటింది. వెనకదానిలో ఒక గది అంచు మీద ఉంది. అది ఎప్పటి నుంచో అలాగే ఉందా, నేను కొట్టిన సెల్ఫుల వల్ల అయిందా అన్నది చెప్పే కొలత నా దగ్గర లేదు. ముందు ఎప్పుడూ చూడలేదు కనుక.

ఆ ఏడాది ఎండాకాలం ఊరికి వెళ్లినప్పుడు చిన్నాయనను వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు పోయి, ఆ ఎలక్ట్రీషియన్‌కు జరిగింది జరిగినట్టు చెప్పాను. ప్లగ్గు పొడిగా ఉందన్నది అబద్ధమని, ఆయన్ను ఊరికే తిప్పలు పెట్టానని. ఆయన టీ తెప్పించి, రోటర్ ఎలా తిరుగుతుందో కాగితం మీద గీసి చూపించమన్నాడు. చిన్నాయనే గీశాడు.

కారును రెండేళ్ల తర్వాత అమ్మేశాను. కొనడానికి వచ్చిన కుర్రాడికి కంప్రెషన్ కాగితంతో పాటు నేను చేసినవన్నీ రాసిచ్చాను. చలిలో ఆపేయడం, వైర్లు తారుమారు చేయడం, పేలుళ్లు, కన్వర్టర్ మార్చడం, వెనక రోటర్‌లో ఆ ఒక్క గది. అతను నిలబడి మొత్తం చదివాడు. ధర ఇంకొంచెం తగ్గించమన్నాడు. తగ్గించాను.